వెనక వైపు నాలుగు వాక్యాలు

హరిదాస్ చదివిన కాగితాన్ని తిప్పడు. కట్ట అడుక్కి జారుస్తాడు. పది పదిహేను కాగితాలయ్యాక కట్టను రెండు చేతులా ఎత్తి, అంచులు సమమయ్యేలా బల్ల మీద రెండుసార్లు తడతాడు. మళ్ళీ చదవడం మొదలుపెడతాడు.

ఇది ప్రెస్సులో వచ్చిన అలవాటు. ఇరవై ఏడేళ్ళు అతను ఇంగ్లీషు పుస్తకాల ప్రూఫులు దిద్దాడు. ప్రూఫు ఒకవైపే అచ్చు వేస్తారు. వెనక ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. పనైపోయిన ప్రూఫులు ఇంటికి తెస్తే కూతురు పునీత ఆ తెల్లటి వైపు బొమ్మలు వేసుకునేది. ఆ ఇంట్లో కాగితానికి ఒక వైపు లోకానిది, రెండో వైపు తమది.

అతను పుట్టింది మలేసియాను ఆనుకున్న దీవి మీద, సెంబవాంగ్‌లో, బ్రిటిష్ నేవల్ బేస్ క్వార్టర్స్‌లో. తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడు. తండ్రి ఓబయ్య బేస్‌లో ఓడలకు తాళ్ళు కట్టేవాడు. యుద్ధనౌక వచ్చిన వారం ఇంట్లో రెండుసార్లు చేపల పులుసు ఉండేది. ఆ ఓడలు ఎవరి మీదికి పోతున్నాయో ఓబయ్య ఎప్పుడూ అడగలేదు. తాడు బిగిసిందా లేదా, అంతవరకే అతని పని.

హరిదాస్‌కు యాభై రెండేళ్ళప్పుడు అచ్చు పనంతా కంప్యూటర్లలోకి పోయి ప్రెస్సు మూతపడింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు ఒక పెళ్ళి భోజనంలో వివేక్ పక్కన కూర్చున్నాడు.

వివేక్‌ది తెనాలి. ఇరవై తొమ్మిదేళ్ళు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్నప్పుడు, వాటిని సరిచేయడానికి వచ్చిన వాళ్ళలో ఒకడు. రెండువేలు వచ్చింది. కంప్యూటర్లు ఆగలేదు. ఆ పనే ఆగిపోయింది. కంపెనీ వెబ్‌సైట్ల పనిలోకి దిగింది. వివేక్ అందులో మేనేజరయ్యాడు.

"కోడ్ రాసేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతున్నారు అంకుల్," అన్నాడు వివేక్ అప్పడం విరుస్తూ. "చదివేవాడు ఒక్కడూ దొరకట్లేదు."

"చదివితే జీతమిస్తారా బాబు?"

"చివరిదాకా చదివితే ఇస్తాం."

అలా హరిదాస్ పాయా లేబర్‌లో ఐదో అంతస్తు ఆఫీసులో, కిటికీ పక్క బల్ల దగ్గర చేరాడు. స్క్రీన్ మీద చదవడం అతనికి రాలేదు. అక్షరాలు కదులుతున్నట్టుండేవి. అందుకని వివేక్ అన్నీ ప్రింటు తీయించి ఇచ్చేవాడు. ఆఫీసంతటిలో కాగితాలున్న బల్ల అదొక్కటే. కుర్రవాళ్ళు దాన్ని మ్యూజియం అనేవాళ్ళు.

మూడో నెలలో అమెరికా పని వచ్చింది.

అక్కడ యుద్ధాలు వద్దనే సంఘం ఒకటి ఉంది. ప్రెసిడెంటు పదవికి ప్రగతివాదుల తరఫున నిలబడాలనుకుంటున్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపించే పేజీ కావాలి. ఓటరు తెరవగానే ఒక పట్టిక కనబడాలి. గుణానికి ఒక గడి, సైన్యం ఖర్చుకు ఒక గడి. పదికి ఎన్ని మార్కులో వేసి, ఎందుకో ఒక్క వాక్యంలో రాయాలి. తమ దేశంలో ఎవరు మార్కులు వేసినా ఫలానావాడి మనిషి అంటారు కాబట్టి, ఓటు లేని దూరపు మనిషి వేయాలని సంఘం కోరింది.

సైన్యం ఖర్చుకు వాళ్ళే సూత్రం పంపారు. ఎంత ఎక్కువ తగ్గిస్తానంటే అంత ఎక్కువ మార్కులు, ఏమీ తగ్గించకపోతే ఒకటి. గుణానికి సూత్రం లేదు. అది చదివేవాడికి వదిలేశారు.

ఉపన్యాసాలు, పేపరు వార్తలు, పాత ఉత్తరాలు కలిపి అరవై రెండు కాగితాలు. హరిదాస్ తొమ్మిది రోజులు చదివాడు. పేర్లు నోరు తిరగక ఇద్దరికీ తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకాయన గోధుమలు పండే రాష్ట్రం నుంచి వచ్చాడు. గోధుమలాయన. ఇంకొకాయన వెనకటికి సైన్యంలో వంతెనలు కట్టాడు. వంతెనలాయన.

గోధుమలాయన నవ్వడు. మొదటి భార్యను వదిలాడు. ఒకసారి డ్రైవరు మీద అరిచి, మర్నాడు పేపర్లో క్షమాపణ వేయించాడు. సైన్యం ఖర్చులో మూడో వంతు కోసేస్తానన్నాడు. ఇతర దేశాల్లో ఉన్న బేసులు మూసేస్తానని నాలుగు ఉపన్యాసాల్లో చెప్పాడు. వంతెనలాయన తనతో పనిచేసి చనిపోయిన వాళ్ళ ఇళ్ళకు ఏటా వెళతాడు. ఆఫీసు కాపలావాళ్ళను పేరు పెట్టి పిలుస్తాడు. కానీ ఖర్చులో డాలరు కూడా తగ్గించనంటాడు. ఫ్యాక్టరీలున్న ఊళ్ళు ఎండిపోతాయంటాడు. కొత్త ఓడలు కావాలంటాడు.

ఇంట్లో అన్నం తింటూ ఈ సంగతి చెబితే పునీత పడీ పడీ నవ్వింది. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది.

"డాడీ, అమెరికా ప్రెసిడెంట్‌ని జురాంగ్ వెస్ట్ నుంచి సెలెక్ట్ చేస్తున్నావా? పవర్ లా, భలే పవర్!"

"బ్లాకు లిఫ్టు ఆరు రోజుల్నుంచి ఆగిపోయుంది," అంది భార్య వెంకమ్మ. ఆమె పుట్టింది మలేసియాలో, పేరాక్ వైపు రబ్బరు తోటలో. "ఆ ఇద్దరిలో ఎవరు బాగుచేయిస్తారో వాళ్ళకే ఎయ్యండి మార్కులు."

హరిదాస్ నవ్వలేదు. ఆ తొమ్మిది రోజులూ అతనికి అన్నం సరిగ్గా సయించలేదు. ఒక మంచివాడు ఆయుధాలను పోషిస్తానంటున్నాడు. ఆయుధాలు వద్దనేవాడు మంచివాడో కాదో తెలియడం లేదు. రెండు గడులూ రెండు వైపులకు లాగుతున్నాయి.

పదో రోజు పట్టిక ఇచ్చాడు. వివేక్ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అంకుల్, గోధుమలాయనకి గుణంలో ఒకటా?"

"ఒకటే."

"పెళ్ళాన్ని వదిలేశాడనా?"

"అది వాళ్ళింటి సంగతి. మనకేటి?"

"మరి వంతెనలాయనకి తొమ్మిదిచ్చారు. ఖర్చులో ఆయనకి ఒకటి, ఈయనకి ఎనిమిది. మొత్తం కలిపితే ఒక్క మార్కు తేడాతో ఓడలు కొనేవాడు గెలిచాడు. యుద్ధం వద్దనే వాళ్ళకి మనం ఇది పంపాలా?"

"చదివినదాన్ని బట్టి ఏసినాను."

"యుద్ధాలు తగ్గితే మంచిదే కదా అంకుల్?"

"మంచిదే బాబు. మా నాన్న పని పోయినప్పుడు కూడా మంచే జరిగింది. లండన్‌లో కూలోళ్ళ పార్టీ ఉండేది. సైన్యానికి ఇంత పెట్టలేం, బేస్ మూసేస్తాం అన్నారు. తప్పని నేననను. అయితే గేటు మూసేటప్పుడు లోపల ఎవరున్నారో ఒకసారి చూడాలా వద్దా? ఈయన నాలుగుసార్లు మూసేస్తానన్నాడు. అక్కడ తాళ్ళు కట్టేవాడి మాట ఒక్కసారి అనలేదు. ఇంక గుణం ఎక్కడుంది?"

"ఒక్కసారి కూడా అనలేదా?"

"ప్రతి పేజీ చదివినాను. ఉంటే చూపించు, నేను తల దించుకుంటాను."

వివేక్ పట్టిక పంపాడు. గంటలో జవాబు వచ్చింది. ఈ ఒకటి మార్కు నిజమేనా, మీరు ఖాయంగా చెబుతున్నారా అని సంఘం అడిగింది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి పేజీ బయటికి వస్తుంది.

వివేక్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఇలా రాశాడు. మా రీడరు ఇరవై ఏడేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి, ప్రతి పేజీ చదివాడు, ఆ మార్కుకు మా కంపెనీ హామీ. పంపించి, హరిదాస్ వైపు తిరిగాడు.

"మీ మాట మీద కంపెనీ పేరు పెట్టాను అంకుల్. వాళ్ళ దగ్గర మార్కులు వేయాల్సిన ఇంకో నలభై మంది లిస్టుంది. అది వస్తే ఈ బల్ల ఉంటుంది. రాకపోతే బాస్ దీన్ని తీయించి ఇక్కడ సర్వర్ కంప్యూటరు పెట్టిస్తాడు."

"సర్వర్‌కి మకాన్ అక్కర్లేదు కదా, తిండి దండగుండదు," అన్నాడు హరిదాస్. ఇద్దరూ నవ్వారు.

సాయంత్రం రైల్లో సీటు దొరికింది. హరిదాస్ సంచిలోంచి గోధుమలాయన నాలుగో ఉపన్యాసం కాగితం తీశాడు. మళ్ళీ చదవాల్సిన అవసరం లేదు. తన మాటను ఇంకోసారి చూసుకోవాలనిపించింది. అది కట్టలో చివర చేరిన కాగితం. ఆ వారమే వచ్చింది. కింది దాకా చదివాడు. చివరి వాక్యం చుక్కతో ముగిసింది. బేసులు మూసేస్తాం. అంతే.

తియోంగ్ బారు స్టేషన్ దాటాక రైలు సొరంగంలోంచి నేల మీదికి వస్తుంది. పడమటి ఎండ కిటికీలోంచి నేరుగా కాగితం మీద పడింది. అక్షరాల మధ్య వేరే అక్షరాలు కనబడ్డాయి. తలకిందులుగా కాదు, కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు.

హరిదాస్ కాగితాన్ని తిప్పాడు.

వెనక వైపు నాలుగు వాక్యాలున్నాయి. ఆ బేసుల్లో వంట చేసేవాళ్ళు, తుడిచేవాళ్ళు, ఓడలు కట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మన దేశం వాళ్ళు కాకపోవచ్చు. మా ఊళ్ళో పిండి మిల్లు మూసినప్పుడు మా నాన్నకు ఆ సంగతి సైరన్ మోగకపోతే తెలిసింది. ఆ మనుషులకు పని చూపించకుండా నేను ఏ గేటూ మూయను.

ఆ రోజు ఆఫీసు ప్రింటరు రెండు వైపులా కొట్టింది. ఒక పక్క పట్టక మిగిలిన నాలుగు వాక్యాలు వెనక్కి వెళ్ళాయి.

లేక్‌సైడ్‌లో ఇంటికి దిగాల్సినవాడు దిగలేదు. చివరి స్టేషన్ దాకా వెళ్ళి, అదే రైల్లో వెనక్కి వచ్చాడు.

అతనికి ఇది మొదటిసారి కాదు. అదే అతన్ని కూర్చోబెట్టేసింది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది జనవరిలో, బేస్ మూసేస్తారన్న వార్త వచ్చిన రోజు, ఓబయ్య ఇంగ్లీషు పేపరు కొనుక్కొచ్చాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. జీవితంలో కొన్న ఒకే ఒక్క ఇంగ్లీషు పేపరు అది. హరిదాస్‌కు పందొమ్మిదేళ్ళు. స్టూలు మీద కూర్చుని చదివి, తెలుగులో చెప్పాడు. బయట స్నేహితులు సైకిలు బెల్లు కొడుతున్నారు. సినిమాకు టైమైంది. కాలమ్ కింద చిన్న అక్షరాల్లో ఉంది, మిగతా ఆరో పేజీలో అని. హరిదాస్ ఆ మాట చూశాడు. పేజీ తిప్పలేదు.

"అంతేనా?" అన్నాడు ఓబయ్య.

"అంతే నాన్న."

ఆరో పేజీలో, పని పోయేవాళ్ళకు వెల్డింగూ ఫిట్టింగూ నేర్పుతారని, ఈ నెలాఖరులోగా పేర్లు ఇవ్వాలని ఉంది. పక్క క్వార్టర్స్‌లో బసవయ్య అనే అతను ఉండేవాడు. అతని కూతురు ఆరో పేజీ చదివింది. బసవయ్య వెల్డరయ్యాడు. ఓబయ్య క్వార్టర్స్ ఖాళీ చేసి, జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. పదహారేళ్ళు ఆ గేటు తెరిచి మూసి, అక్కడి కుర్చీలోనే పోయాడు. బేస్ వార్త వచ్చిన ఏడే, ఫిబ్రవరిలో మార్కెట్లో బసవయ్య కలిసి, "పేపర్లోనే రాసినాడు కదరా, మీ నాన్న రాలేదేటి?" అని అడిగినప్పుడు హరిదాస్‌కు తెలిసింది. తండ్రికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత ప్రూఫులు దిద్దే పని వెతుక్కున్నాడు. ఒక్క అక్షరం వదలకుండా చదివే పని.

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. పునీత ఇంకా రాలేదు. వెంకమ్మ అన్నం వడ్డించింది. అతను కంచం ముందు కూర్చుని కాగితం బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. తర్వాత, అడగకుండానే, ఆరో పేజీ సంగతి చెప్పాడు.

వెంకమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టింది.

"అది మావయ్యగారికి తెలుసండీ."

"ఏటి తెలుసు?"

"మీరు పేజీ తిప్పలేదని. ఆ బసవయ్యే ఆయనకీ చెప్పేడంట. అప్పటికి పేర్లు రాసుకోడం అయిపోయింది."

హరిదాస్ ఆమె వైపు చూశాడు.

"నేను కాపురానికొచ్చిన ఏడే చెప్పేరు. 'ఆడికి సినిమాకి టైమైపోయింది. తిప్పరా అని నేనైనా అనాల్సింది' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే అన్నం తినడన్నారు."

"ఎన్నేళ్ళయింది?"

"ఇరవై అయిదు."

"ఇన్నేళ్ళూ నేను అన్నం తింటూనే ఉన్నాను, వెంకమ్మా. ఆయన ఎదర కూర్చుని తిన్నాను. ఆయనకి తెలీదనుకుని తిన్నాను."

"మీ మంచికేనండీ."

"మంచికే. అందరూ మంచికే చేస్తారు." కంచం కొంచెం పక్కకు జరిపాడు. "ఒక్కసారి తిట్టుంటే అయిపోయేది. ఆయన తిట్టలేదు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవడో అమెరికావాడికి గుణం లేదని ఒకటి ఏసినాను."

వెంకమ్మ కంచం మళ్ళీ అతని ముందుకు జరిపింది.

"చెప్తే పని పోతాదా?"

"పోవచ్చు. నాదే కాదు. ఆ కుర్రాడు నా మాట మీద కంపెనీ పేరు పెట్టినాడు. ఆడి మాట కూడా పోతాది."

"చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తాదా?"

హరిదాస్ కాగితం వైపు చూశాడు. వెనక వైపు పైకి ఉంది.

"నాన్నకి తెలిసింది కదా," అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ అన్నం తిన్నారు. పునీత వచ్చి టీవీ పెట్టింది. లిఫ్టు బాగైందని చెప్పింది.

మర్నాడు ఏడుంబావుకే హరిదాస్ ఆఫీసులో ఉన్నాడు. కంప్యూటరు తెరిచి, రెండు వేళ్ళతో టైపు చేశాడు. గోధుమలాయన గుణం గడిలో ఒకటి చెరిపాడు. ఎనిమిది వేసి, ఆలోచించి, ఏడు చేశాడు. మాట ఇవ్వడం వేరు, గేటు దగ్గర నిలబడడం వేరు. కింద ఉత్తరం రాశాడు. నాలుగో ఉపన్యాసంలో వెనక వైపు నేను చదవలేదు. అక్కడ ఆ మనుషుల గురించి ఉంది. ప్రతి పేజీ చదివానని నేను చెప్పిన మాట నిజం కాదు. తప్పు చదివినవాడిది, కంపెనీది కాదు. కింద తన పేరు పెట్టాడు. ప్రూఫులాగా మూడుసార్లు చదివాడు.

ఎనిమిదిన్నరకు వివేక్ వచ్చాడు. హరిదాస్ కాగితాన్ని వెనక వైపు పైకి ఉండేలా అతని ముందు పెట్టాడు. వివేక్ నాలుగు వాక్యాలూ చదివాడు. కాఫీ కప్పు కింద పెట్టాడు. స్క్రీన్ మీద ఉత్తరం చదివాడు.

"ఇది పంపితే ఆ నలభై మంది లిస్టు రాదు అంకుల్."

"తెలుసు."

"నిన్న నేను రాసిన మెయిల్ బాస్‌కి కూడా వెళ్ళింది."

"తెలుసు బాబు. అందుకే నీకు చూపించి పంపుదామని ఉంచినాను."

వివేక్ తలుపు వైపు చూశాడు. ఇంకా ఎవరూ రాలేదు.

"ప్రింటర్ తప్పని రాద్దామా?"

"ప్రింటరు రెండో వైపు కూడా కొట్టింది," అన్నాడు హరిదాస్. "దాని పని అది చేసింది."

వివేక్ కుర్చీ వెనక్కి జరిపి, మౌస్ అతని వైపు తోశాడు. హరిదాస్ ఉత్తరం పంపాడు.

పన్నెండింటికి ఇంకా మూడు గంటల పైన ఉంది. హరిదాస్ తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. మిగిలిన అరవై ఒక్క కాగితాలు ముందు పెట్టుకుని, పైనుంచి ఒక్కొక్కటే తిప్పి చూడడం మొదలుపెట్టాడు. తిప్పినవన్నీ తెల్లగానే ఉన్నాయి. అయినా తిప్పుతూనే ఉన్నాడు.